నోటికి ఏమీ ఇవ్వరాదు

ఆకలేసిన మనిషికి తిండి పెట్టవచ్చా, కూడదా అని తేల్చడానికి పెద్ద చదువులు చదివినవాళ్ళు ఏళ్ళ తరబడి పరిశోధన చేశారంటే ఎవరికైనా నవ్వొస్తుంది. చిన్న డాక్టరుకు నవ్వు రాదు. ఆ పరిశోధన చేసింది ఆమే. దాని ఫలితం తేలిన దగ్గర్నుంచీ ఆమెకు వస్తున్నది కోపం ఒక్కటే. అదీ అరికాలి మంట నెత్తికెక్కేంత కోపం.

జబ్బు క్లోమానిది. పొట్ట వెనకాల, ఉన్నట్టు ఎవరికీ తెలియకుండా పడి ఉండే గ్రంథి అది. తిన్నది అరగడానికి రసాలు తయారుచేయడం దాని పని. పిత్తాశయంలోంచి ఒక చిన్న రాయి జారి దారికి అడ్డం పడిందంటే ఆ రసాలు బయటికి పోలేక ఆ గ్రంథినే అరిగించడం మొదలుపెడతాయి. నిన్నటిదాకా నిక్షేపంలా తిరిగిన మనిషి ఇవాళ పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతూ ఆస్పత్రికి వస్తాడు. చాలామంది కోలుకుని ఇంటికి పోతారు. కొందరు పోరు.

దీనికి ఆ ఆస్పత్రిలో చేసే వైద్యం విశ్రాంతి. విశ్రాంతి మనిషికి కాదు, క్లోమానికి. నోట్లో ఏదైనా పడితే గ్రంథి పనిలోకి దిగుతుంది కాబట్టి నోరు కట్టేయాలి. చేతికి సూది పెట్టి సెలైను ఎక్కించాలి. మరీ ఆలస్యమైతే మెడలోని పెద్ద నరంలోకి గొట్టం వేసి అందులోంచి పోషకాలు పంపాలి. నొప్పి పూర్తిగా పోయి, రక్తపరీక్ష మామూలుకు వచ్చి, పెద్ద డాక్టరు తల ఊపేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వరు. ప్రతి మంచానికీ కాళ్ళ వైపు ఒక ఎర్ర అట్ట వేలాడుతుంటుంది. 'నోటికి ఏమీ ఇవ్వరాదు' అని దాని మీద ఇంత లావు అక్షరాలు. ఈ పద్ధతిని అక్కడ పాతుకునేలా చేసింది పెద్ద డాక్టరే. ఆయన పేరూ ప్రతిష్ఠా దాని మీద వచ్చినవే. వెనకాల అందరూ ఆయన్ని లంఖణాల డాక్టరు అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. లోలోపల కాస్త మురిసిపోతాడు కూడా.

చిన్న డాక్టరు ఆయన శిష్యురాలే. ఆయన దగ్గరే పని నేర్చుకుంది. అయితే ఆమెకు ముందునుంచీ ఒక అనుమానం. పేగు ఖాళీగా పడి ఉంటే దాని గోడ బలహీనపడుతుంది, లోపలి క్రిములు రక్తంలోకి జారిపోతాయి. మెడలో గొట్టం ఎంతకాలం ఉంటే అంతకాలం అదీ క్రిములకు తెరిచిన వాకిలే. మరి మనం కాపాడుతున్నామా, మాడ్చి చంపుతున్నామా? ఈ మాట ఆమె మొదటిసారి నోరు జారినప్పుడు పెద్ద డాక్టరు ఒంటికాలి మీద లేచాడు. రెండోసారి అన్నప్పుడు నవ్వాడు. మూడోసారికి, "సరే, చేసి చూపించు. చూసి నువ్వే నోరు మూసుకుంటావు," అన్నాడు.

చేసి చూపించింది. ఒప్పుకున్న రోగుల్లో ఎవరు ఏ వైపో కంప్యూటరే చీటీలు వేసినట్టు తేల్చేది. సగం మందికి పాత పద్ధతి. మిగతా సగం మందికి వాంతులు ఆగి, ఆకలి వేసిన వెంటనే పలుచని సూపు, ఆ తరవాత మెత్తటి బ్రెడ్డు. లెక్కలన్నీ వచ్చాక చూస్తే, తిన్నవాళ్ళు త్వరగా ఇంటికి పోయారు. తిన్నవాళ్ళలో క్రిములు పట్టినవాళ్ళు తక్కువ. చనిపోయినవాళ్ళూ తక్కువే. ఎటు తిప్పి చూసినా లెక్క అదే మాట చెప్పింది.

అసలు తమాషా అక్కడ మొదలైంది. పరిశోధన అయిపోయింది కాబట్టి పరిశోధన కోసం పెట్టిన తిండి కూడా అయిపోయింది! కొత్త ఉత్తర్వు వచ్చేవరకూ వార్డులో పాత పద్ధతే నడుస్తుంది, అది నియమం. కొత్త ఉత్తర్వు ఇవ్వాల్సింది పెద్ద డాక్టరు. తిండి మంచిదో కాదో తెలియని రోజుల్లో సగం మందికైనా ముద్ద దొరికింది. మంచిదని తేలాక ఒక్కరికీ దొరకడం లేదు. ప్రపంచంలో ఇంతకంటే తెలివైన తెలివితక్కువ పని ఇంకొకటి ఉంటే చిన్న డాక్టరు ఎప్పుడూ వినలేదు.

ఆమె వెళ్ళి అడిగింది. ఒకసారి కాదు, ఆయన కనబడినప్పుడల్లా అడిగింది. 

"ఆగమ్మా," అన్నాడాయన, కుర్చీలో వెనక్కి వాలి. "మహాసభ దగ్గరపడుతోంది కదా. అన్ని దేశాల డాక్టర్లూ వస్తారు. ముందు అక్కడ చెబుదాం."

"అక్కడ చెప్పండి సార్, వద్దన్నదెవరు? ఇక్కడ పెట్టడానికేం?"

"ఇక్కడ మొదలుపెడితే మాట ఆగుతుందా? నర్సులు చెప్పుకుంటారు, రోగులు చెప్పుకుంటారు. పక్క ఆస్పత్రి వాళ్ళు కూడా ఇదే పని మీద ఉన్నారని విన్నాను. మనకంటే ముందు వాళ్ళు నోరు విప్పారనుకో, మన కష్టమంతా బూడిదలో పోసినట్టే."

మన కష్టం! మొన్నటిదాకా నోరు మూసుకుంటావన్నవాడు ఇప్పుడు మన కష్టం అంటున్నాడు. ఆమె పళ్ళు నూరుకుంటూ బయటికి వచ్చింది. అంతకంటే ఏమీ చేయలేదు. ఉద్యోగం చేస్తున్నవాళ్ళు చాలామంది అంతకంటే ఏమీ చేయరు.

అలాంటి రోజుల్లో పిన్ని వచ్చి వార్డులో పడింది.

పిన్ని అంటే ఆమె తల్లికి చెల్లెలు. తల్లి పోయాక ఈమెను పెంచింది ఆవిడే. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో పిలిచే ఉద్యోగం చేసి రిటైరైంది. ఆ గొంతు ఇంకా రిటైరు కాలేదు. నొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చిన రోజున మాత్రం ఆ గొంతు కూడా లోపలికి పోయింది. వాంతులు ఆగి, నొప్పి కాస్త సర్దుకుని, మళ్ళీ నోరు లేచాక చిన్న డాక్టరు గుండె కుదుటపడింది.

"నాకు క్లోమం అనేదొకటి ఉందని ఇన్నాళ్ళూ తెలీనే తెలీదు," అంది పిన్ని. "ఉన్నానని చెప్పడానికి అది ఇంత రభస చెయ్యాలా బుజ్జీ? మెల్లిగా చెబితే విననా?"

"నువ్వు మెల్లిగా చెబితే వినే రకమా పిన్నీ?"

"సర్లే. ఆకలేస్తోంది. ఏమైనా పెట్టించు."

చిన్న డాక్టరు ఎర్ర అట్ట వైపు చూసింది. పిన్నీ చూసింది.

"ఈ బోర్డు పెట్టింది ఎవరే? కన్నతల్లి కడుపున పుట్టినవాడేనా?"

పక్క మంచంలోంచి ఒకావిడ కిసుక్కున నవ్వింది, నవ్వగానే పొట్ట పట్టుకుంది. ఆవిడ దర్జీ. స్కూలు యూనిఫారాలు కుట్టేది. పిన్ని కంటే ముందు వచ్చింది, పిన్ని కంటే ముందు ఆకలన్నది. ఆకలి, ఆకలి అని అడిగి అడిగి ఇప్పుడు అడగడం మానేసింది. మెడలో గొట్టం, మంచం పక్కన స్టాండుకు తెల్లటి పోషకాల సంచీ. చేతులు ఊరికే ఉండలేవు ఆవిడకి. పిన్నికిచ్చిన ఆస్పత్రి గౌనుకు నాడాలు ఊడిపోయి ఉంటే, తన సంచీలోంచి సూదీ దారం తీయించుకుని, పడుకునే ఉండి గట్టిగా కుట్టిచ్చింది.

"అక్కా, ఇక మీరు ఏ వైపు తిరిగినా భయం లేదు," అంది.

"నాకు భయమేం లేదే చెల్లీ, చూసేవాళ్ళకే భయం," అంది పిన్ని. ఇద్దరూ మళ్ళీ నవ్వి, మళ్ళీ పొట్టలు పట్టుకున్నారు.

ఆ సాయంత్రం చిన్న డాక్టరు ఇంటికి వెళ్ళి సూపు కాచింది. ఒక గిన్నెలో పోసుకుని, మూత బిగించి, సంచీలో పెట్టుకుని వచ్చింది. దొంగతనం చేస్తున్నట్టు మంచం చుట్టూ కర్టెన్ లాగి, పిన్ని చేతికి చెంచా ఇచ్చింది. పిన్ని సూపు వాసన చూసింది. ఆవిడ కళ్ళు మెరిశాయి. చెంచా నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఆవిడకేదే?" అంది. పిన్నికి గుసగుసలాడటం చేతకాదు. ఆ మాట వార్డంతా వినబడి ఉంటుంది.

"నువ్వు తాగు పిన్నీ. మాట్లాడకు."

"కర్టెన్ వేసినంత మాత్రాన వాసన ఆగుతుందా? ఆవిడ నాకంటే ముందు నుంచీ పస్తు. పక్కమనిషి గుటకలు మింగుతుంటే నేను తాగితే నాకు అరుగుతుందా? ఇంకో గిన్నె తే. ఇద్దరం తాగుతాం."

చిన్న డాక్టరుకు తెగించే క్షణం ఉంటే గింటే అదే. కానీ పిన్నికి పెడితే ఇంటి వ్యవహారం, పట్టుబడినా చీవాట్లతో పోతుంది. దర్జీకి పెడితే ఉత్తర్వు మీరినట్టు. ఆవిడకు పెట్టాక వరసగా ఉన్న మంచాలన్నింటికీ పెట్టాలి. అంతవరకు ఆలోచించి ఆమె నీళ్ళు నమిలింది.

"రేపు సార్‌ని మళ్ళీ అడుగుతాను," అంది.

"అయితే నేనూ రేపే తాగుతాను," అంది పిన్ని, మొండికేసి చెంచా గిన్నెలో పడేస్తూ. 

సూపు సింకులో పోసింది చిన్న డాక్టరు. మర్నాడు అడిగింది. పెద్ద డాక్టరు మహాసభలో చూపించబోయే బొమ్మలు సరిచూసుకుంటున్నాడు. ఆమె మాట పెడచెవిన పెట్టి, ఈ నీలం రంగు కాస్త ముదురుగా ఉంటే బాగుంటుందేమో చూడమన్నాడు. ఎందరు బతికి ఉన్నారో చూపే ఆ బొమ్మలో తిన్నవాళ్ళ గీత నీలం, పస్తున్నవాళ్ళ గీత ఎరుపు. నీలం గీత చల్లగా పైనే నడుస్తోంది, ఎరుపు గీత కిందికి దిగిపోతోంది. ఆ బొమ్మను చూస్తూ కూడా ఆయనకు తన వార్డు గుర్తు రాలేదు.

ఆ తరవాత దర్జీకి జ్వరం వచ్చింది. ముందు చలి, ఒళ్ళంతా వణుకు, ఆ తరవాత పేలిపోయే జ్వరం. మెడ గొట్టం చుట్టూ ఎర్రబడింది. గొట్టం తీశారు, మందులు మార్చారు, ఐసీయూకు తీసుకువెళ్ళారు. మంచం కదిలేటప్పుడు ఆవిడ పిన్ని వైపు చెయ్యి ఊపింది. "మీ రెండో గౌను నాడాలు వచ్చాక చూస్తా అక్కా," అంది. తిరిగి రాలేదు. క్రిములు రక్తమంతా పాకి, ఒకదాని తరవాత ఒకటి అవయవాలన్నీ చేతులెత్తేశాయి.

సూపు తాగి ఉంటే బతికేదా? ఎవరూ చెప్పలేరు. తిన్నవాళ్ళలోనూ పోయినవాళ్ళున్నారు, పస్తున్నవాళ్ళలోనూ బతికినవాళ్ళున్నారు. ఒక్క మనిషి గురించి పరిశోధన ఏమీ చెప్పదు. పదిమందిని కలిపి చూస్తేనే నోరు విప్పుతుంది. ఈ సంగతి చిన్న డాక్టరుకు అందరికంటే బాగా తెలుసు. తెలిసినా మనసు కుదుటపడలేదు సరికదా, కోపం ఇంకా రేగింది. బతికేదో లేదో తెలియదు, నిజమే. కానీ ఆకలితో పోయిందన్నది మాత్రం తెలుసు. ఆకలి తీర్చడం మంచిదని తేల్చిన వార్డులోనే పోయింది. ఆ తేల్చిన మనిషి గిన్నె పట్టుకుని పక్క మంచం దగ్గరే నిలబడి ఉంది.

పిన్ని తిట్టలేదు. అదే భరించరానిదిగా ఉంది. తిడితే బాగుండేది. ఖాళీ మంచం వైపు చూస్తూ ఒక్క మాట అడిగింది.

"బుజ్జీ, మీ లెక్కల్లో తిన్నవాళ్ళు కొందరు, తిననివాళ్ళు కొందరు అన్నావు కదా. ఈవిడ ఏ లెక్కలోకి వస్తుందే?"

చిన్న డాక్టరు తేదీలు తలచుకుంది. దర్జీ వచ్చేసరికి పరిశోధన ముగిసిపోయింది. ఫలితం ఇంకా బయటికి రాలేదు.

"ఏ లెక్కలోకీ రాదు పిన్నీ," అంది.

అని, ఫోను దగ్గరికి వెళ్ళి ఆస్పత్రి వంటింటికి ఫోన్ చేసింది. వంట చూసే ఆయన ఎత్తాడు.

"మా వార్డుకి సూపు పంపండి. అందరికీ. బ్రెడ్డు కూడా."

"మీ వార్డుకా మేడమ్?" ఆయన గొంతులో నిజమైన ఆశ్చర్యం. "అక్కడ తినేవాళ్ళెవరూ ఉండరు కదా!"

"ఇవాళ్టి నుంచి ఉన్నారు. వేడిగా పంపండి."

ఆమె మంచం మంచానికీ వెళ్ళి పొట్ట నొక్కి చూసింది, వాంతులున్నాయా అని అడిగింది. తగ్గనివాళ్ళు ఇద్దరుంటే వాళ్ళ అట్టలు ఉంచింది. మిగతావాళ్ళవి లాగి పారేయడం మొదలుపెట్టింది. హెడ్ సిస్టర్ పరుగున వచ్చింది. కంగారుగా పెద్ద డాక్టరు గది వైపు ఒకసారి, ఈమె వైపు ఒకసారి చూసింది.

"డాక్టర్, సార్ చెప్పారా?"

"చెప్పలేదు. నా పేరు రాసుకోండి సిస్టర్. ఏమైనా వస్తే నా మీదే వస్తుంది."

హెడ్ సిస్టర్ పేరు రాసుకుంది. తరవాత చివరి వరసలో మిగిలిన అట్టలు తనే తీసింది. పరిశోధన రోజుల్లో ఈ వార్డులో ఎవరు ఎలా తిరిగి లేచారో ఆవిడా చూసింది.

పెద్ద డాక్టరు వచ్చేసరికి వార్డంతా చెంచాల చప్పుడు. ఆయన మహాసభకు బయలుదేరుతూ, సూటూ బూటుతో, ఒకసారి అందరికీ కనబడి పోదామని వచ్చాడు. గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"ఏమిటిది? ఎవరు పెట్టమన్నారు?"

"నేనే సార్," అంది చిన్న డాక్టరు.

"పరిశోధన అయిపోయింది!"

"అయిపోయింది కాబట్టే పెడుతున్నాను. అవ్వకముందు సగం మందికే పెట్టాను."

"ఇది నా వార్డు. నా మాట లేకుండా…"

"మీ మాటే సార్. రేపు వేదికెక్కి మీరు చెప్పబోయే మాటే. ఒక రోజు ముందు చేశాను. పక్క ఆస్పత్రి వాళ్ళు ఒక్క రోజులో మీ పేరు ఎత్తుకుపోతారా? పోతే పోనివ్వండి. ఆ మంచం చూడండి. అందులో ఉన్నావిడ ఎటుపోయిందో కనుక్కున్నారా మీరు?"

వార్డులో చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఆయన ఖాళీ మంచం వైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు.

"ఒక్క కేసును పట్టుకుని ఆవేశపడితే ఎలాగమ్మా? పరిశోధకురాలివి నువ్వు."

"ఒక్క కేసును పట్టుకోవద్దనే కదా సార్ అందర్నీ లెక్కపెట్టింది! లెక్కపెట్టాక లెక్కను పెట్టెలో పెట్టి తాళం వేసింది ఎవరు?" ఆమె గొంతు పెరిగింది. బస్టాండు మైకు దగ్గర పెరిగిన పిల్ల మరి. "రంగు ముదురుగా ఉందా, లేతగా ఉందా అని చూశారు కదా, ఆ ఎర్ర గీతలో ఉన్నది మనుషులే సార్!"

ఆయన మొహం కందగడ్డ అయింది. వచ్చాక మాట్లాడదామన్నాడు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిన్ని గొంతు ఖంగుమంది.

"బండి బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది. ఎక్కవలసినవారు దయచేసి త్వరగా ఎక్కవలెను!"

వార్డంతా గొల్లుమంది. చిన్న డాక్టరుకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. చిన్న డాక్టరు పిన్ని మంచం పక్కన కూర్చుని ఉంది. పిన్ని బ్రెడ్డు సూపులో ముంచుకుని తింటోంది. అవతల గొంతులో నిన్నటి కోపం జాడే లేదు. వెనకాల గ్లాసుల చప్పుడూ నవ్వులూ వినబడుతున్నాయి.

"చప్పట్లు ఆగితే ఒట్టమ్మా! లేచి నిలబడి మరీ కొట్టారు. నీ పేరు కూడా చెప్పాను."

"సంతోషం సార్."

"ఒకాయన లేచి ఒక ప్రశ్న వేశాడు. ఫలితం తెలిశాక మీ వార్డులో పద్ధతి ఎప్పుడు మార్చారు అని. వెంటనే మార్చేశాం అన్నాను. దానికీ చప్పట్లే. నిన్న నువ్వు చేసింది ఒక రకంగా మంచిదే అయింది. ఇక వ్యాసం త్వరగా పూర్తి చెయ్యి. ఆ మాట కూడా అందులో రావాలి."

చిన్న డాక్టరు ఫోను చెవికి ఇంకొంచెం గట్టిగా అదుముకుంది.

"వెంటనే అన్న మాట నేను రాయను సార్. ఫలితం ఎప్పుడు తెలిసిందో రాస్తాను. పద్ధతి ఎప్పుడు మారిందో రాస్తాను. ఆ మధ్యలో ఎవరు వచ్చారో, ఎవరు పోయారో రాస్తాను. దర్జీ ఆవిడ అందులో ఉంటుంది."

అవతల నవ్వులు దూరమయ్యాయి. ఆయన పక్కకు వచ్చినట్టున్నాడు.

"పిచ్చిపిచ్చిగా మాట్లాడకు. అలా రాస్తే నా ఒక్కడికే మచ్చా? ఆ వ్యాసం మీద నీ పేరూ ఉంటుంది. ఆ రోజుల్లో వార్డులో ఉన్నది నువ్వే."

ఆమె పక్క మంచం వైపు చూసింది. అందులో ఇంకా ఎవరినీ చేర్చలేదు. దుప్పటి మార్చారు గానీ, కాళ్ళ వైపు ఎర్ర అట్ట తీయడం నిన్న ఎవరికీ గుర్తు రాలేదు. లేచి వెళ్ళి దాన్ని కొక్కెం నుంచి తీసింది.

"నా పేరూ ఉండనివ్వండి సార్," అంది. "ఇద్దరు ఆకలితో ఉంటే ఒక్క గిన్నె తెచ్చింది నేనే."